బాగోలేదా, నచ్చలేదా?

సందేహం: మొన్న మా వీధిలో తప్పెటగుళ్ళు (గుండెకి రేకు తప్పెట కట్టుకుని వాయిస్తూ ఎగిరే ఆట) ఆడించారు. చూసొచ్చి నేను "బాగుంది" అన్నాను. మా అల్లుడుగారు "ఏం బాగోలేదు, ఒకటే రేకుల మోత" అన్నారు. మాటా మాటా పెరుగుతుంటే మా ఆవిడ "లోకో భిన్నరుచిః, ఇక భోజనాలకి లేవండి" అంది. ఆయన దాన్నీ వదల్లేదు. "భిన్నరుచిర్హి లోకః" అనాలట. ఏది ఒప్పు? అసలు "బాగోలేదు" అనే బదులు "నాకు నచ్చలేదు" అనాలి కదా? తిండికి చెప్పే "రుచి" కళల్లోకి ఎలా వచ్చింది?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: ముందు మీ ఇంటావిడ మాట తేల్చేద్దాం. రెండూ ఒప్పే. కాళిదాసు రఘువంశం ఆరో సర్గలో ఉన్నది మాత్రం మీ అల్లుడుగారు చెప్పినదే: "భిన్నరుచిర్హి లోకః". అక్కడ ఇంద్రవజ్ర అనే వృత్తంలో పాదం నడవాలి కాబట్టి మాటలు ఆ వరసలో కూర్చున్నాయి. "హి" అంటే "కదా". మన పెద్దలు ఆ "హి" తీసేసి, మాటలు అటూ ఇటూ మార్చి "లోకో భిన్నరుచిః" అని వాడుక చేసుకున్నారు. సంధి సరిగ్గానే ఉంది. "లోకా భిన్నరుచి", "లోకోః భిన్నరుచిః" అని రాసేవే తప్పులు.

ఆ శ్లోకం సందర్భం మీ ఇంటి గొడవకి అచ్చంగా సరిపోతుంది. ఇందుమతి స్వయంవరం జరుగుతోంది. చెలికత్తె అంగరాజుని చూపించి పొగిడింది. ఇందుమతి చూసి, "పద" అని ముందుకు నడిచింది. కాళిదాసు ఏమంటాడంటే, అతడు కోరదగనివాడూ కాడు, ఆమెకి చూసి తేల్చుకోవడం రాకా కాదు, లోకం భిన్నరుచి కలది కదా అని. వద్దనిపించుకున్నవాడిలోనూ లోపం లేదు, వద్దన్న ఆమెలోనూ లేదు. మనం ఆ చివరి ముక్క ఒక్కటే పట్టుకుని, దాని ముందున్న రెండు "కాదు"లనీ వదిలేశాం. అందుకే ఈ మాట ఇప్పుడు వాదం ఆపడానికి తప్ప ఎందుకూ పనికిరావడం లేదు.

ఇక "రుచి". ఇది వంటింట్లో పుట్టి కచేరీకి వెళ్ళిన మాట కాదు. రుచ్ ధాతువుకి వెలగడం, ప్రీతి కలిగించడం అని రెండర్థాలు. రుచి అంటే కాంతి కూడా. "రుచిరం" అంటే అందమైనది. నాలుకకీ కళకీ ముడిపెట్టినవాడు నాట్యశాస్త్రం రాసిన భరతుడు. రకరకాల వ్యంజనాలతో వండిన అన్నం తినేవాడు రుచులు ఆస్వాదించినట్టు ప్రేక్షకుడు నాట్యంలో రసాన్ని ఆస్వాదిస్తాడని ఆయన పోలిక. (మన ఇళ్ళలో చారు అనే అంటాం కాబట్టి "రసం" కావ్యాలకి మిగిలింది. సంస్కృతంలో "చారు" అంటే అందమైనది. మన చారుకీ దానికీ చుట్టరికం లేదు, అది తమిళ "సాఱు"కి తోబుట్టువు.)

మీ అసలు ప్రశ్న "బాగోలేదు", "నచ్చలేదు" గురించి. ఇవి రెండూ ఒకటి కావని తేల్చడానికి నిఘంటువు అక్కర్లేదు, రెండు వాక్యాలు చాలు. "బాగుంది గానీ నాకు నచ్చలేదు." "అంత బాగోలేదు గానీ నాకు నచ్చింది." రెండూ రోజూ అనేవే, వింటే ఎవరూ నవ్వరు. రెండు మాటలకీ అర్థం ఒకటే అయితే ఈ వాక్యాలు నిలబడవు. "బాగోలేదు" వస్తువు మీద తీర్పు. ఏం బాగోలేదో చెప్పమని అడిగే హక్కు ఎదుటివాడికి వస్తుంది. "నాకు నచ్చలేదు" మన సంగతి. దానికి సాక్ష్యాలు అడగరు.

ఆ "నాకు" చూడండి. నాకు ఆకలేసింది, నాకు నిద్రొచ్చింది, నాకు గుర్తొచ్చింది, నాకు నచ్చింది. వీటిలో "నేను" చేసిన పనంటూ ఏమీ లేదు. వచ్చి మన మీద పడేవన్నీ మన భాషలో "కు" కిందకి చేరతాయి. పాణినిదీ ఇదే లెక్క: "రుచ్యర్థానాం ప్రీయమాణః". దేవదత్తుడికి లడ్డు రుచిస్తే కర్త లడ్డు, దేవదత్తుడు పుచ్చుకునేవాడు మాత్రమే.

"మెచ్చు" అలా కాదు. "నేను మెచ్చుకున్నాను" అంటాం, "నాకు మెచ్చింది" అనం. "తా వలచినది రంభ, తా మునిగినది గంగ" అన్న సామెతలోనూ వలచేవాడే కర్త. చిత్రమేమిటంటే "నచ్చు" కూడా ఒకప్పుడు ఈ గట్టునే ఉండేది. పాత తెలుగులో నచ్చడమంటే నమ్మడం, నచ్చిక అంటే నమ్మకం. "నిన్ను నచ్చి వచ్చాను" అనేవారు, నచ్చేవాడే కర్త. ఇప్పుడు "నువ్వు నాకు నచ్చావు" అంటున్నాం. కర్తగా ఉన్నవాడు "కు" కిందకి దిగాడు. పాత అర్థం ఒక్క "నచ్చజెప్పడం"లో బతికి ఉంది: నమ్మేలా చెప్పడం. మీరు భోజనాల వేళ అల్లుడుగారి దగ్గర చెయ్యబోయింది అదే.

మరి ఒకరికి నచ్చింది ఇంకొకరికి ఎందుకు నచ్చదు? "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అనేసి లేవచ్చు గానీ, మన ఆలంకారికులు అక్కడితో ఊరుకోలేదు. దానికి వాళ్ళు పెట్టిన పేరు "వాసన". ఈ జన్మలోవో వెనకటివో, మనసుకి అంటుకుని ఉన్న సంస్కారాలు. వాసన ఉన్నవారికే రసాస్వాదన, లేనివారు నాటకశాలలో కర్రలు, గోడలు, రాళ్ళ లాంటివారు అని ఒక శ్లోకం ఉంది. కటువుగా ఉంది, నాకు నచ్చదు. అయినా "అక్షరవాసన లేనివాడు" అని మనం అంటున్నది ఆ వాసన గురించే.

శ్లోకంలో కటువుతనం తీసేస్తే మిగిలే విషయం నిజమే. నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో జముకు అనే వాద్యం వాయిస్తూ జముకుల కథ చెప్తుంటే చిన్నప్పుడు నేను చెవులు మూసుకునేవాణ్ణి. తోలు మధ్య నుంచి వచ్చే ఆ తంతిని మీటితే జుమ్ము జుమ్ముమని కడుపులో తిప్పినట్టుండేది. మా నాయనమ్మ మాత్రం కదిలేది కాదు. "నాకైతే బాగున్నాది, నువ్వెల్లి తొంగో" అనేది. అరవై దాటాక, ఎక్కడైనా ఆ మోత వినిపిస్తే నా కాళ్ళు వాటంతట అవే అటు తిరుగుతున్నాయి. జముకు మారలేదు. మా నాయనమ్మ పక్కన కూచున్న ఆ రాత్రుళ్ళు ఎప్పుడు అంటుకున్నాయో నాకు తెలియలేదు.

విజయనగరమే చూడండి. 1919లో అక్కడ సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామినాయుడి ఫిడేలు అక్కడే మోగింది. ఆ వీధుల్లో పెరిగిన చెవికి ఫిడేలు తెలిసినట్టు, గుండెకి కట్టుకున్న రేకు తప్పెట, కాళ్ళ గజ్జెలు కలిసి ఎగిరే ఎగురు గొల్లపేటలో పెరిగిన చెవికి తెలుస్తుంది. మీ అల్లుడుగారు ఎక్కడ పెరిగారో మీరు రాయలేదు.

కాబట్టి ఆయన "నాకు నచ్చలేదు" అనుంటే పేచీయే లేదు. "రేకుల మోత" అని కారణం చెప్పారు గనక "బాగోలేదు" అనే హక్కు ఉంది, మీరు ఎదురు కారణం చెప్పాలి. మా నాయనమ్మ పలుకులో రెండూ కలిసిపోయాయి, గమనించారా? "నాకైతే" అని ముందు తనది చేసుకుని, "బాగున్నాది" అని తర్వాత తీర్పిచ్చింది. మన వైపు అందరూ అనేదే. నేనైతే తప్పనను.

ఒక చిన్నది మిగిలింది. "నచ్చచెప్పు" రాయాలా, "నచ్చజెప్పు" రాయాలా అని మీ ఉత్తరం అంచున రాశారు. "నచ్చన్" ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట) కాబట్టి తరవాతి చకారం జకారమవుతుంది, వ్యాకరణం ప్రకారం "నచ్చఁజెప్పు". ఇప్పటి వాడుకలో అరసున్న పోయింది. "నచ్చచెప్పు" కూడా బాగా స్థిరపడింది, ఏది రాసినా ఒప్పే.