పెరట్లో విత్తనం ఎప్పుడు, ఎలా? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి పెరటి తోట గురించి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే బాధను చెబుతున్నాయి: మొక్క బాగానే పెరిగింది, కాపు మాత్రం రాలేదు. ఇలాంటి చోట లోపం చాలాసార్లు విత్తనంలో గాని ఎరువులో గాని ఉండదు, విత్తిన కాలంలో ఉంటుంది. విత్తే రోజును చూసుకుంటాం గాని, ఆ మొక్క పూతకు వచ్చే రోజున ఎండ ఎంత ఉంటుందో, పగలు ఎంత పొడవుగా ఉంటుందో లెక్క వేసుకోము. కింది ప్రశ్నలను అందుకే ఎంచుకున్నాము.

ప్రశ్న: మా ఇంటి వెనుక రెండు సెంట్ల ఖాళీ స్థలం ఉంది. శివరాత్రి వెళ్ళగానే టమాటా నారు తెచ్చి నాటాను. మొక్కలు ఏపుగా పెరిగి, ఉగాది దాటాక విరగబూశాయి. కానీ పూత అంతా రాలిపోయింది. రెండుసార్లు మందు కొట్టించినా ఫలితం లేదు. ఏ తెగులు పట్టి ఉంటుంది? – గృహిణి, అనంతపురం

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది తెగులు కాదు, ఎండ. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకుండా ఉన్నప్పుడు టమాటా పువ్వులోని పుప్పొడి సత్తువ కోల్పోతుంది. పిందె కట్టని పువ్వును మొక్క తొడిమతో సహా రాల్చేస్తుంది. అనంతపురంలో ఏప్రిల్ నెల ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనవసరం లేదు. ఆ వేడికి ఏ మందూ విరుగుడు కాదు కనుక, ఇకపై ఇలాంటి పూత రాలుడుకు పురుగుమందు కొట్టించవద్దని గట్టిగా కోరుతున్నాను. ఇంటిల్లిపాదీ తినే కాయల మీద అవసరం లేని మందు పడడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

లెక్కను వెనుక నుంచి వేసుకోవాలి. టమాటా విత్తనం నారుమడిలో 25 నుంచి 30 రోజులు ఉంటుంది, నాటిన తరువాత సుమారు నెల రోజులకు పూత మొదలవుతుంది. అంటే విత్తనం వేసిన రెండు నెలలకు పూత వస్తుందన్నమాట. మన ప్రాంతంలో రాత్రులు చల్లబడేది అక్టోబరు తరువాత. కాబట్టి ఇంటి అవసరానికి పండించుకునేవారు సెప్టెంబరులో నారు పోసి, దసరా రోజులలో నాటుకుంటే, పూత చల్లని రాత్రులలో వచ్చి, ఫిబ్రవరి దాకా కాయలు అందుతాయి. అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే అయినా, అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనే పడుతుంది కనుక, ఆ సమయంలో నాటిన మొక్కకు నేలలో తేమ కూడా దొరుకుతుంది. ఆరుద్ర, పునర్వసు కార్తెలలో, అంటే జూన్ చివర, జూలైలో నారు పోసేవారూ ఉన్నారు. అదీ మంచిదే గాని, ఆ పంట మీద తెల్లదోమ, దాని వెంట ఆకుముడత ఎక్కువగా కనబడతాయి. ఇంట్లో చూసుకునే నాలుగు మొక్కలకు నేనైతే దసరా కాలాన్నే ఎంచుకుంటాను.

వంగ, మిరప కూడా నారు పోసి నాటేవే. వంగ నారు 30–35 రోజులకు, మిరప నారు 40–45 రోజులకు నాటడానికి సిద్ధమవుతుంది. నాటడానికి నాలుగైదు రోజుల ముందు నుంచి నీళ్ళు తగ్గిస్తే నారు గట్టిపడుతుంది. తీసే ముందు మాత్రం మడిని బాగా తడిపి, వేళ్ళు తెగకుండా లేపి, సాయంత్రం పూట నాటి, వెంటనే నీళ్ళు పోయాలి. పగటి ఎండలో నాటిన నారు మరునాటికి తల వేలాడేస్తుంది. టమాటాకు వరుసల మధ్య రెండు అడుగులు, మొక్కల మధ్య అడుగున్నర చోటు వదలండి. టమాటా కాండం మట్టిలో ఉన్నంత మేర వేళ్ళు వేస్తుంది కనుక, నారు పొడవుగా సాగిపోయి ఉంటే కింది ఆకులు తీసివేసి కాస్త లోతుగా నాటవచ్చు. వంగ, మిరపలను అలా పాతవద్దు.

వేసవిలో మడి ఖాళీగా ఉంచడం ఇష్టం లేకపోతే గోరుచిక్కుడు వేసుకోండి. మన ఎండను, నీటి కొరతను అంతగా తట్టుకునే కూరగాయ మరొకటి అరుదు. తోటకూర కూడా వస్తుంది. బెండను జనవరి చివరిలోపే విత్తడం మేలు. ఎండలు ముదిరేకొద్దీ తెల్లదోమ పెరిగి, ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారే తెగులు వస్తుంది. అది వచ్చిన మొక్కను పీకి పారవేయడమే తప్ప బాగుచేసే మార్గం లేదు.

ప్రశ్న: ఉగాది రోజున గేటు పక్కన చిక్కుడు పాదు పెట్టాము. తీగ మేడ మీదకి ఎక్కింది. ఆగస్టు వచ్చినా ఒక్క పువ్వు కూడా లేదు. పీకేయమని ఇంట్లోవారు అంటున్నారు. – విశ్రాంత ఉద్యోగి, కర్నూలు

జవాబు: దయచేసి పీకవద్దు. తీగ చిక్కుడులోని మన పాత నాటు రకాలు పగటి పొడవును బట్టి పూస్తాయి. పగలు తగ్గి రాత్రి పెరుగుతున్న కాలం వచ్చేదాకా ఎంత పోషించినా ఆకు, తీగ తప్ప పూత ఇవ్వవు. మీరు మార్చిలో పెట్టినా, మీ పక్కింటివారు జూలైలో పెట్టినా రెండూ ఇంచుమించు ఒకేసారి, అక్టోబరు, నవంబరు నెలలలో పూతకు వస్తాయి. ఈ నాలుగు నెలలూ మీరు పోసిన నీళ్ళు తీగకు పోయాయి, అంతే. ఇప్పుడు పొడవైన కొసలను తుంచి పక్క కొమ్మలు రానివ్వండి, పందిరి బలంగా ఉందో లేదో చూసుకోండి, యూరియా వంటివి వేయకండి. మాఘమాసంలో రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడు ఆకులలో పరమాన్నం పెట్టడం మన ఇళ్ళలో ఆచారం. ఆ రోజులలో ప్రతి పెరట్లోనూ చిక్కుడు నిండుగా కాస్తూ ఉంటుంది కనుకనే ఆ పూజలో దానికి ఆ చోటు దక్కిందని నాకు తోస్తుంది. వచ్చే ఏడాది మృగశిర, ఆరుద్ర కార్తెల వానకు పాదు పెట్టండి. ఏ కాలంలోనైనా కాయాలనుకుంటే పగటి పొడవుతో పని లేని పొద చిక్కుడు రకాలు దొరుకుతాయి, అవే అడిగి తీసుకోండి.

ప్రశ్న: మాది ఎర్రనేల. వాన పడగానే బెండ, బీర, కొత్తిమీర వేస్తే పావు వంతు కూడా మొలవలేదు. కొట్టువారు విత్తనం మంచిదే అంటున్నారు. – ఉపాధ్యాయురాలు, కడప

జవాబు: విత్తనం మంచిదే అయి ఉండవచ్చు. ఎర్రనేల మీద గట్టిగా వాన పడి, వెంటనే ఎండ కాస్తే పైమట్టి అట్టకడుతుంది. లోపల మొలకెత్తిన విత్తనం ఆ అట్టను పగలగొట్టుకుని పైకి రాలేక లోపలే వంకర తిరిగి చచ్చిపోతుంది. అనుమానం ఉంటే ఒకచోట పైపొరను వేలితో లేపి చూడండి, తెల్లని మొలకలు కనబడితే కారణం అదే.

దీనికి ఉపాయం మట్టితో విత్తనాన్ని కప్పకపోవడమే. ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి, విత్తనం మందానికి రెండు మూడు రెట్లు మించకుండా పైన చల్లండి. బెండకు ముప్పాతిక అంగుళం లోతు చాలు. తోటకూర గింజలను ఇసుకలో కలిపి చల్లి, చేత్తో పైపైన సర్దితే సరిపోతుంది. నీళ్ళను ధారగా కాక సన్నని జల్లుగా పోసి, మొలక కనబడేదాకా పలుచగా వరిగడ్డి గాని వేరుశనగ పొట్టు గాని పరచండి. మన జిల్లాలలో వేరుశనగ పొట్టుకు కొదవ లేదు. మొలక రాగానే గడ్డిని తీసివేయడం మరచిపోవద్దు. బెండ విత్తనాన్ని రాత్రంతా, బీర, కాకర విత్తనాలను ఒక రోజంతా నానబెట్టి విత్తండి. ధనియాలను మాత్రం నేల మీద పోసి అరచేత్తో నలిపి రెండు బద్దలుగా చేయాలి, లేకపోతే మొలక ఆలస్యమవుతుంది. అయితే కొత్తిమీర ఎండకు తొందరగా పూతకు పోతుంది కనుక, దానిని, మెంతిని, పాలకూరను దసరా నుంచి సంక్రాంతి మధ్య వేసుకుంటేనే తృప్తిగా ఆకు కోసుకోగలరు.

బీర, సొర, కాకరలకు అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత తీసి, పైమట్టిలో రెండు గంపల పశువుల ఎరువు కలిపి నింపి, పాదుకు నాలుగైదు గింజలు పెట్టి, మొలిచాక బలమైన రెండింటిని ఉంచండి. మొదట పూసేవి మగపూలే. అవి రాలిపోతున్నాయని కంగారు పడవద్దు. వెనుక చిన్న పిందె ఉన్న ఆడపూలు కొన్ని రోజుల తరువాత వస్తాయి. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పిందెలు పసుపుపచ్చగా మారి రాలుతుంటే, పొద్దువాలాక ఒక మగపువ్వు కోసి ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి.

ఇదే ప్రశ్నను ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడివారు అడిగితే నా జవాబు వేరుగా ఉండేది. ఎర్రనేలలో నీరు నిలవదు కనుక మడిని చుట్టూ నేల కన్నా కాస్త పల్లంగా చేసుకోవాలి. రేగడిలో నీరు దిగదు కనుక అరడుగు ఎత్తున బోదెలు వేసి, వాటి మీద విత్తాలి. పక్క ఊరి బంధువు చెప్పిన పద్ధతి మన పెరట్లో ఫలించకపోవడానికి తరచు ఇదే కారణం.

ప్రశ్న: మా బోరు నీళ్ళు ఉప్పన. మడిలో తెల్లగా పేరుకుంటోంది. ఏం వేయమంటారు? – పాఠకుడు, గుత్తి

జవాబు: బీన్సు, క్యారెట్, ఉల్లి ఉప్పును భరించలేవు, వాటిని వదిలేయండి. పాలకూర, బీట్‌రూట్ బాగా తట్టుకుంటాయి, టమాటా కొంతవరకు ఓర్చుకుంటుంది. రోజూ కొద్దికొద్దిగా చల్లితే నీరు ఆవిరై ఉప్పు పైనే మిగులుతుంది కనుక, రెండు మూడు రోజులకొకసారి వేళ్ళ కిందికి దిగేలా నిండుగా పెట్టండి, ఆకులు తడవనీయకండి, మొక్కల మొదళ్ళ చుట్టూ వేరుశనగ పొట్టు మందంగా పరచండి. వానాకాలంలో ఇంటి కప్పు మీది నీటిని డ్రమ్ములలో పట్టుకుంటే నారుమడికైనా మంచినీరు దొరుకుతుంది, ఉప్పుకు అందరికన్నా ముందు మాడిపోయేది లేత నారే. ఇంట్లో నీటిని మెత్తబరిచే యంత్రం ఉంటే, ఉప్పు వేసి నడిపే ఆ యంత్రం నుంచి వచ్చే నీటిలో సోడియం ఎక్కువగా ఉంటుంది కాబట్టి, దానిని మొక్కలకు పోయకండి, బోరు నీరే నయం.