సమాధానం: ఎన్2 పాసైనా కొకిన్‌షూ అర్థం కావట్లేదంటే

జపనీస్ భాషా పరీక్షలో ఎన్2 స్థాయి పాసైనా, పాత జపనీస్ పద్య సంకలనం కొకిన్‌షూలో ఒక్క పద్యం కూడా అర్థం కావట్లేదు, పీహెచ్‌డీ ఆలోచన మానుకోవాలా అని అడిగారు కదా. మానుకోవద్దండీ. ఆ పరీక్ష నేటి జపనీస్‌ది. మీరు పట్టుకున్నదేమో 905 ప్రాంతంలో చక్రవర్తి ఆజ్ఞతో కూర్చిన సంకలనం. ఆ వ్యాకరణాన్ని జపాన్ పిల్లలే హైస్కూల్లో విడిగా నేర్చుకుంటారు. వాళ్ల స్కూలు వ్యాకరణ పుస్తకమే ఒకటి తెచ్చుకోండి. క్రియారూపాలు నోటికి రావాల్సిందే, షార్ట్‌కట్ లేదు.

అసలు టెన్షన్ పెట్టేది కుజుషిజి, అంటే పాత గొలుసుకట్టు రాత. ఒక్క 'క' శబ్దానికే రెండు మూడు ఆకారాలు కనిపిస్తాయి. 'గ' అని చదవాల్సిన చోట కూడా చాలాసార్లు 'క' అనే రాసి ఉంటుంది. శబ్దానికి ఒకే హిరగానా (జపనీస్ లిపి) అక్షరం అని బడుల్లో ఖాయం చేసింది 1900లో! ఒసాకా యూనివర్సిటీ వాళ్ల కులా యాప్‌తో రోజూ కాస్త సాధన చేయండి. మివో యాప్‌లో ఫొటో తీస్తే అదే చదివిపెడుతుంది గానీ, మొదట్లోనే దాని మీద ఆధారపడితే కన్ను అలవాటు పడదు.

ఖర్చుకు జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఉంది, రీసెర్చ్ స్టూడెంట్‌గా అప్లై చేయొచ్చు. ప్రపోజల్‌లో ఊరికే 'హెయాన్ కవిత్వం' (కొకిన్‌షూ వచ్చిన కాలపు కవిత్వం) అంటే నిలబడదు. కొకిన్‌షూ మొదటి రెండు భాగాల్లో వసంత పద్యాలను ఏ వరుసలో పేర్చారు, ఎందుకు, అన్నంత ఇరుకైన ప్రశ్న కావాలి.

ఉద్యోగం మాట ఇంట్లో అడుగుతున్నారన్నారు. మన దేశంలో జపనీస్ విభాగాలకు ఎక్కువగా కావాల్సింది నేటి భాష చెప్పేవాళ్లే. అందుకని ఎన్2 పై స్థాయి ఎన్1 కూడా రాసేయండి.