పొడవు సరిపోతే మాస్ట్ సరిపోయినట్టేనా?

ప్రశ్న: అన్నా, చెన్నైలో ఒకాయన దగ్గర 5.7 చదరపు మీటర్ల విండ్‌సర్ఫింగ్ సెయిల్ (తెరచాప) సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దాని మీద లఫ్ (ముందు అంచు పొడవు) 444 సెంటీమీటర్లు, మాస్ట్ (సెయిల్‌ని నిలబెట్టే కర్ర) 430, ఐఎంసీఎస్ (మాస్ట్ గట్టిదనం చెప్పే అంకె) 21 అని రాసుంది. నా దగ్గర 400 మాస్టే ఉంది, కింద తగిలించే ఎక్స్‌టెన్షన్ గొట్టం 44 దాకా లాగితే పొడవు లెక్క కుదిరింది. కొత్తపట్నంలో గాలి మెల్లగా ఉన్నంతసేపూ బాగానే నడిచింది, సాయంత్రం గాలి పుంజుకోగానే వెనక చెయ్యి లాగేస్తోంది, సెయిల్ పైభాగం తపతపా కొట్టుకుంటోంది. సెయిల్ పాతదై సాగిపోయిందంటారా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: సెయిల్‌ని అప్పుడే తిట్టకు తమ్ముడూ. నువ్వు చెప్పిన లక్షణాలన్నీ మాస్ట్ వైపే చూపిస్తున్నాయి. 400కి 44 కలిపితే 444 అవుతుంది, కాదనను, కానీ అది 430 మాస్ట్ అయిపోదు. సెయిల్ ముందు అంచుని తిన్నగా కత్తిరించరు, కొంచెం వంపుగా కత్తిరిస్తారు. సెయిల్‌ని కిందకి బిగించే డౌన్‌హాల్ తాడు లాగినప్పుడు మాస్ట్ సరిగ్గా ఆ వంపుకి వంగితేనే సెయిల్ పొట్ట డిజైన్ చేసినవాడు అనుకున్న చోట నిలబడుతుంది. 400 మాస్ట్‌కి మామూలుగా ఐఎంసీఎస్ 19 ఉంటుంది, 430కి 21, 460కి 25. అంకె పెరిగేకొద్దీ గట్టిదనం పెరిగినట్టు. పెద్ద సెయిల్ మాస్ట్ మీద ఎక్కువ బరువు వేస్తుంది కాబట్టే పొడుగు మాస్ట్‌లని గట్టిగా చేస్తారు. నీ మెత్తటి మాస్ట్ గాలి దెబ్బకి అవసరానికి మించి వంగుతోంది, దాంతో పొట్ట వెనక్కి జరిగి బరువంతా వెనక చేతి మీద పడుతోంది, పైన వెనక అంచు, అదే లీచ్, వదులైపోయి కొట్టుకుంటోంది. దీనికి తోడు ఆ ఎక్స్‌టెన్షన్ ఒకటి. అది దాదాపు వంగని గొట్టం. కింద 44 సెంటీమీటర్లు కర్రలా నిలబడిపోతే వంపంతా పైకి తోసుకుపోతుంది.

430 మాస్ట్ ఒకటి చూసుకో, 14 ఎక్స్‌టెన్షన్‌తో సరిపోతుంది. అది దొరికే దాకా డౌన్‌హాల్ ఇంకా బిగించి సరిచేద్దామనుకోకు, పైభాగం ఇంకా వదులవుతుంది. ఒకటి రెండు సెంటీమీటర్లు వదిలి, మెల్లటి గాలి ఉన్న రోజుల్లోనే వాడుకో. నువ్వు యాభై అయిదు, అరవై కిలోల మనిషివైతే ఇలాగే కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, తొంభై కిలోలైతే ఆ ఆశ వద్దు, ఎందుకంటే సెయిల్‌కి వేలాడే బరువు కూడా మాస్ట్‌నే వంచుతుంది. ఇంకో మాట, నువ్వు అడగలేదు గానీ చెప్తున్నా: ఎండాకాలంలో పడమటి గాలి కొట్టే రోజు కొత్త సామాను పరీక్షించడానికి నీళ్లలోకి దిగొద్దు. ఆ గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి తోస్తుంది, ఏదన్నా తేడా వస్తే వెనక్కి రావడం నీ చేతిలో ఉండదు. సముద్రం వైపు నుంచి గాలి తిరిగాక దిగు.

ప్రశ్న: నా దగ్గరున్న 430 మాస్ట్ మీద లేబుల్ ఎండకి చెరిగిపోయింది. సెయిల్ మీద కాన్‌స్టంట్ కర్వ్ అని ఉంది. నా మాస్ట్ ఏ రకమో ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా?
– మరో పాఠకుడు, కావలి

జవాబు: ఉంది, కంపెనీలు వాడే లెక్కే ఇంట్లోనూ వేసుకోవచ్చు. మాస్ట్ రెండు ముక్కలూ కలిపి, రెండు కొసలనీ రెండు బల్లల మీద ఆనించు. ఈ చివర నుంచి ఆ చివరకి దారం బిగించి కట్టు. సరిగ్గా మధ్యలో 30 కిలోల బరువు వేలాడదియ్యాలి. 25 కిలోల బియ్యం బస్తా, పైన ఇంకో 5 కిలోల సంచి పెడితే సరిపోతుంది, కాకపోతే సన్నటి తాడుతో కట్టకుండా వెడల్పాటి పట్టీతో కట్టు, కార్బన్ మీద తాడు ఒరుసుకోకూడదు. ఇప్పుడు మాస్ట్ దారం కంటే ఎంత కిందకి దిగిందో మూడు చోట్ల కొలువు: మధ్యలో, లావు కొస నుంచి పావు వంతు దగ్గర, సన్న కొస నుంచి పావు వంతు దగ్గర. బరువు పెట్టకముందు కొలతలు కూడా రాసుకుని వీటిలోంచి తీసెయ్, మాస్ట్ తన బరువుకి తానే కాస్త వంగుతుంది కదా.

ఉదాహరణకి మధ్యలో 20.5 సెంటీమీటర్లు దిగిందనుకో. 430ని 20.5తో భాగిస్తే సుమారు 21, అదే ఐఎంసీఎస్. కింది పావు దగ్గర 13, పై పావు దగ్గర 15.5 వచ్చాయనుకో. మధ్య కొలతలో 13 అంటే 63.4 శాతం, 15.5 అంటే 75.6 శాతం. రెండిటికీ తేడా సుమారు 12. ఈ తేడా పది కంటే తక్కువుంటే హార్డ్ టాప్ (పైకొస గట్టిది), పన్నెండు అటూఇటూ ఉంటే కాన్‌స్టంట్ కర్వ్ (మొత్తం ఒకే తీరుగా వంగేది), పదిహేను దాటి పోతుంటే ఫ్లెక్స్ టాప్ (పైకొస మెత్తనిది) అని పెట్టుకో. గీతలు ఒక్కో కంపెనీ ఒక్కోచోట గీస్తుంది, కాబట్టి ఒకటి అటో ఇటో వచ్చిందని టెన్షన్ పడక్కర్లేదు.

ఈ తేడాకి అంత పట్టింపు దేనికంటే, రెండు మాస్ట్‌లకీ ఐఎంసీఎస్ 21 ఉండి కూడా నడకలో పోలిక లేకుండా ఉండొచ్చు. ఒకటి సరుగుడు కర్రలా కొస మాత్రమే ఊగుతుంది, ఇంకోటి మొత్తం ఒకే తీరుగా వంగుతుంది. హార్డ్ టాప్ కోసం కుట్టిన సెయిల్‌కి ఫ్లెక్స్ టాప్ వేస్తే పైభాగం తొందరగా తెరుచుకుపోతుంది, కింద పొట్ట ఎక్కువై బ్యాటెన్‌లు, అంటే సెయిల్‌లో అడ్డంగా దూర్చిన బద్దలు, మాస్ట్‌కి తగులుకుని తిప్పినప్పుడు మొండికేస్తాయి. అలా కాక ఫ్లెక్స్ టాప్ సెయిల్‌కి హార్డ్ టాప్ మాస్ట్ వేస్తే పైభాగం గాలిని వదలదు, ప్రతి గాలి విసురుకీ తల బరువైనట్టు లాగుతుంది. అన్నట్టు, ఒక మాస్ట్ పై ముక్క, ఇంకో మాస్ట్ కింది ముక్క కలిపి ఉంటే కూడా ఈ లెక్క వేసి చూడు. చౌకగా దొరికే సామానులో ఈ అతుకులు తగులుతూనే ఉంటాయి.

ప్రశ్న: వారం వారం మైపాడు వెళ్తాను. మాస్ట్ కొనమంటున్నాయన నూరు శాతం కార్బన్‌ది తప్ప వద్దంటున్నాడు. ధర చూస్తే గుండె గుభేలుమంది. నిజంగా అవసరమా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అవసరం లేదమ్మా. కార్బన్ శాతం గట్టిదనాన్ని చెప్పదు. 50 శాతం కార్బన్ మాస్ట్‌కీ, 100 శాతం మాస్ట్‌కీ ఐఎంసీఎస్ ఒకటే ఉండొచ్చు. కార్బన్ పెరిగితే బరువు తగ్గుతుంది, వంగిన మాస్ట్ త్వరగా తిరిగి లేస్తుంది. ఈ తేడా తెలియాలంటే చెయ్యి బాగా తిరగాలి. ఆ డబ్బుని సెయిల్‌కి సరిపడే కర్వ్ ఉన్న మధ్యరకం మాస్ట్ మీద పెట్టండి. మైపాడు అలల్లో అయితే సన్న మాస్ట్, అంటే ఆర్‌డీఎం, తీసుకోండి. దాని గోడ మందంగా ఉంటుంది కాబట్టి అల దెబ్బకి తట్టుకుంటుంది, నీళ్లలో పట్టుకోవడానికీ సులువు. లావు మాస్ట్, ఎస్‌డీఎం, పెద్ద సెయిల్స్‌కీ రేసులకీ వదిలెయ్యండి. మీ దగ్గరున్న ఎక్స్‌టెన్షన్ ఏ రకానిదో చూసుకున్నాకే డబ్బులివ్వండి, ఒకదానిది ఇంకోదానికి నేరుగా దూరదు.

ప్రశ్న: మాస్ట్ రెండు ముక్కలూ ఇరుక్కుపోయాయి, రావట్లేదు.
– పాకల నుంచి ఒకరు

జవాబు: ఇసుక. బయటి ముక్క మీద మాత్రమే వేడి నీళ్లు పోసి, ఇద్దరు చెరో వైపు పట్టుకుని తిప్పుతూ లాగండి. పైపు రెంచి మాత్రం పెట్టకండి, కార్బన్ నలిగిపోతుంది. ఇకమీదట కలిపే ముందు తడిగుడ్డతో తుడిచి, కలిపాక అతుకు చుట్టూ ఎలక్ట్రిక్ టేపు ఒక చుట్టు వెయ్యండి.