సమైక్యతా? ఏకీకరణా?

సందేహం: కొలోన్ కేథడ్రల్ మీద వ్యాసం రాస్తూ 'జర్మనీ సమైక్యతకు చిహ్నం' అన్నాను. మా మిత్రుడు 'ఏకీకరణకు' అని దిద్దాడు. ఏది సరి? 'విలీనం' అంటే తప్పా? కేథడ్రల్‌ను చర్చి అనొచ్చా?

సమాధానం: ఏ సంవత్సరం గురించి రాస్తున్నారో చెబితే తప్ప మీ ఇద్దరిలో ఎవరిది ఒప్పో తేల్చలేను.

ఏకీకరణ అంటే ఒకటి కానిదాన్ని ఒకటి చేయడం. సరళీకరణ, ప్రైవేటీకరణ లాగా ఎవరో పూనుకుని చేసే పని అది. సమైక్యత అలా కాదు, కలిసి ఉన్నామనే భావం, లేదా ఉండాలనే కోరిక. ('ఐక్యం' అంటేనే ఒకటిగా ఉండడం, మళ్లీ 'త' ఎందుకని పండితులు అడుగుతారు గానీ వాడుక ఎప్పుడో ఒప్పేసుకుంది, వదిలేద్దాం.)

ఇక జర్మనీలోని కొలోన్ నగరం సంగతి. 1248లో మొదలైన కట్టడం 16వ శతాబ్దంలో ఆగిపోయింది, పూర్తికాని గోపురం మీద చెక్క క్రేన్ మూడు వందల ఏళ్లకు పైగా అలాగే ఉండిపోయింది. నెపోలియన్ సేనలు రైన్‌ నది ప్రాంతం నుంచి వెళ్లిపోయాక, 1814లో గొరెస్ అనే పత్రికా సంపాదకుడు దీన్ని జర్మన్లంతా కలిసి పూర్తి చేయాలని పిలుపునిచ్చాడు. 1842లో జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా రాజు నాలుగో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్, తాను ప్రొటెస్టెంటు అయి ఉండీ, ఈ క్యాథలిక్ కట్టడం పనులు తిరిగి మొదలుపెట్టడానికి శంకుస్థాపన చేశాడు. అప్పటికి జర్మనీ అనే ఒక్క రాజ్యమే లేదు, ఉన్నది కోరిక. కాబట్టి 1842కి మీ మాటే సరి.

1871లో జర్మన్ రాజ్యాలు ఒక సామ్రాజ్యంగా కలవడం మాత్రం ఏకీకరణే, చేసినవాడు ప్రష్యా ప్రధాని బిస్మార్క్. దాన్ని విలీనం అనకండి. 1866లో హానోవర్ అనే జర్మన్ రాజ్యాన్ని ప్రష్యా తనలో కలిపేసుకుంది చూడండి, అది విలీనం; మరో జర్మన్ రాజ్యం బవేరియా మాత్రం తన రాజును ఉంచుకునే సామ్రాజ్యంలో చేరింది.

1880 అక్టోబర్ 15న, 157 మీటర్ల జంట గోపురాలు పూర్తయిన సంబరానికి చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ వచ్చాడు. కొలోన్ ఆర్చిబిషప్ మాత్రం లేడు, బిస్మార్క్ ప్రభుత్వానికీ క్యాథలిక్ చర్చికీ నడుస్తున్న గొడవలో దేశం వదిలి వెళ్లాల్సివచ్చింది! స్థానిక క్యాథలిక్కులు చాలామంది ఆ ఉత్సవానికి దూరంగా ఉన్నారు. ఆ రోజు గురించి రాస్తూ 'సమైక్యత' అంటే నేనైతే ఒప్పుకోను, అక్కడ మీ మిత్రుడే గెలిచాడు.

చర్చి అనడం తప్పు కాదు. బిషప్ పీఠం ఉన్నది కేథడ్రల్, అంతే తేడా. మెదక్‌లోనిదీ కేథడ్రలే, మనం మెదక్ చర్చి అనే అంటున్నాం కదా.