మూడేళ్ల అమ్మకాల డేటా క్లౌడ్‌కి మార్చమంటున్నారు. నిజంగా ఉపయోగం ఉంటుందా? బిల్లు అదుపులో ఉండాలంటే ఏం చూసుకోవాలి?

ముందు మీ డేటా మొత్తం ఎంతుందో కొలవండి. యాభై, వంద జీబీల లోపే ఉంటే బిగ్ డేటా పనిముట్లేవీ అక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్ లాంటి మామూలు డేటాబేస్ గానీ, విశ్లేషణకు వాడే డక్‌డీబీ గానీ ఉన్న ఒక్క మంచి కంప్యూటరే ఆ పని చేసేస్తుంది. ఆ మాత్రం దానికి స్పార్క్ క్లస్టర్ (ఒకే లెక్కను పంచుకుని చేసే మెషీన్ల గుంపు) పెడితే, పనిని పది మెషీన్లకు పంచి మళ్లీ ఒకచోటికి తేవడానికే అసలు లెక్క కంటే ఎక్కువ సమయం పోవచ్చు. సలహా ఇచ్చేవాళ్లు ఈ మాట చెప్పరు, అందుకే మొదట చెబుతున్నాను.

డేటా టెరాబైట్లలో (టీబీ, ఒక్కోటి దాదాపు వెయ్యి జీబీలు) ఉంటే మాత్రం కథ వేరు. 2003లో గూగుల్ ఫైల్ సిస్టమ్ మీద, 2004లో మ్యాప్‌రెడ్యూస్ మీద వచ్చిన గూగుల్ పరిశోధన పత్రాలు భారీ డేటాను మామూలు మెషీన్ల గుంపుతో ఎలా లెక్కించాలో చూపించాయి. కాకపోతే ఆ గుంపును కొనగలిగే స్తోమత కొద్దిమందికే ఉండేది. 2006లో డేటా దాచుకునే ఎస్3, మెషీన్లు అద్దెకిచ్చే ఈసీ2 అనే అమెజాన్ సేవలు వచ్చాక ఆ అడ్డు తొలగింది. ఒక మెషీన్‌ను వంద గంటలు నడిపినా, వంద మెషీన్లను ఒక గంట నడిపినా అద్దె దాదాపు ఒకటే. పనిని ముక్కలుగా విడగొట్టగలిగితే చాలు, నాలుగు రోజులు ఆగాల్సిన జవాబు గంటలో చేతికొస్తుంది. రోడ్డు మీద ఫోన్లు పంపే వేగాన్ని బట్టి మ్యాప్‌లో ట్రాఫిక్ ఎర్రగా మారడం, కార్డు గీకిన క్షణాల్లోనే అది అనుమానాస్పద లావాదేవీయో కాదో తేలడం, అన్నీ ఈ కోవలోవే.

ఇక బిల్లు సంగతి. క్లౌడ్‌లో ప్రధానంగా మూడు మీటర్లు తిరుగుతుంటాయి: డేటా దాచినందుకు, లెక్క చేసినందుకు, డేటా బయటికి తీసుకెళ్లినందుకు. మొదటిది అందరూ చూస్తారు. దెబ్బ తగిలేది మిగతా రెంటి దగ్గర.

గూగుల్ బిగ్‌క్వెరీ (వాడినంతకే కట్టే ఆన్-డిమాండ్ ధరలో), అమెజాన్ అథీనా లాంటి సేవలు మీ క్వెరీ (డేటాను అడిగే ప్రశ్న) ఎంత డేటా చదివిందో దాన్ని బట్టి డబ్బు తీసుకుంటాయి. ఎన్ని వరుసలు జవాబుగా వచ్చాయన్నది వాటికి అనవసరం. ఉదాహరణకు యాభై కాలమ్‌లు, మూడేళ్ల రికార్డులు ఉన్న 1 టీబీ సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్) ఫైళ్లు ఎస్3లో ఉన్నాయనుకోండి. ఒక వారం అమ్మకాల మొత్తం అడిగితే, కావలసింది రెండు కాలమ్‌లే అయినా అథీనా 1 టీబీ మొత్తం చదువుతుంది. అదే డేటాను రోజువారీ పార్టిషన్లుగా, అంటే రోజుకో ఫోల్డరుగా విడగొడితే 1,095 రోజుల్లో 7 రోజులే, అంటే దాదాపు 6.4 జీబీయే చదువుతుంది. దానికి తోడు ఫైళ్లను పార్కెట్ అనే ఫార్మాట్‌లోకి మారిస్తే, అందులో కాలమ్‌లు విడివిడిగా ఉంటాయి కాబట్టి ఆ రెండు కాలమ్‌లే చదువుతుంది. కాలమ్‌లన్నీ ఒకే సైజువి అనుకుంటే 260 ఎంబీ లోపే. కంప్రెషన్ ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. అదే ప్రశ్న, అదే జవాబు, కానీ ఖర్చులో వేల రెట్ల తేడా!

ఇక్కడ తప్పులు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. పార్టిషన్ కాలమ్ మీద కాకుండా పక్కనే ఉన్న టైమ్‌స్టాంప్ కాలమ్ మీద ఫిల్టర్ పెడితే ఆ విభజన ఎందుకూ పనికిరాక మొత్తం చదివేస్తుంది. కస్టమర్ నంబరు మీద పార్టిషన్ చేస్తే లక్షల ఫోల్డర్లు పుడతాయి. నిమిషానికో ఫైలు రాసే పద్ధతి పెట్టుకుంటే రోజుకు 1,440, మూడేళ్లకు పదిహేను లక్షలు దాటతాయి. ప్రతి ఫైలునూ తెరవడానికే సమయం పోతుంది కాబట్టి రోజుకోసారి వాటిని కలిపి, ఒక్కోటి కనీసం 128 ఎంబీ ఉండేలా చూసుకోండి. రోజంతా కలిపినా అంత రాకపోతే నెలవారీ పార్టిషన్ చాలు. పార్టిషన్ తేదీ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉందా, స్థానిక సమయంలో ఉందా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. లేకపోతే అర్ధరాత్రికి అటూ ఇటూ జరిగిన అమ్మకాలు పక్క రోజులో కలిసిపోయి, లెక్కలు ఎంతకీ సరిపోవు.

క్వెరీ చివర్లో లిమిట్ 10 (పది వరుసలే చూపించు) అని రాస్తే ఖర్చు తగ్గుతుందని చాలామంది నమ్మకం. బిగ్‌క్వెరీలో మామూలు టేబుల్‌కి అది తగ్గించదు. ఊరికే చూడాలనుకుంటే ప్రివ్యూ ట్యాబ్ వాడండి, అది ఉచితం. బడ్జెట్ అలర్ట్ కూడా మెయిల్ పంపుతుందే తప్ప దానంతటదే ఖర్చును ఆపదు, పైగా బిల్లింగ్ సమాచారం గంటల ఆలస్యంగా వస్తుంది. నిజంగా ఆపేది 'మ్యాక్సిమమ్ బైట్స్ బిల్డ్' (Maximum bytes billed) అనే బిగ్‌క్వెరీ సెట్టింగ్. అంచనా ఆ హద్దు దాటితే క్వెరీ మొదలవకుండానే ఆగిపోతుంది, డబ్బు పడదు. అందరి క్వెరీలకూ అది పెట్టి తీరాలి.

వాడకుండా వదిలేసినవి కూడా బిల్లులో కూర్చుంటాయి. ఈసీ2 మెషీన్‌ను స్టాప్ చేసినా దాని డిస్క్‌కు డబ్బు పడుతూనే ఉంటుంది. పెద్ద ఫైలును ముక్కలుగా పంపే మల్టీపార్ట్ అప్‌లోడ్ మధ్యలో ఆగిపోతే, ఆ ముక్కలు బకెట్‌లో (ఎస్3లో ఫైళ్లు ఉండే చోటు) మామూలుగా కనిపించవు గానీ వాటికీ ఛార్జీ ఉంటుంది. ఏడు రోజుల తర్వాత అవి తొలగిపోయేలా లైఫ్‌సైకిల్ రూల్ పెట్టండి. పాత డేటాను ఎస్3లోని గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ అనే నిల్వకి పంపితే చౌకే. కాకపోతే 180 రోజుల కంటే ముందు తీసేసినా ఆ 180 రోజులకూ కట్టాలి, తిరిగి తెచ్చుకోవాలంటే ఎంచుకున్న పద్ధతిని బట్టి 12 నుంచి 48 గంటల వరకూ పట్టొచ్చు. నెలనెలా చూసే రిపోర్టుల డేటా అక్కడ పెట్టకండి.

తరలించే సమయాన్నీ ముందే లెక్కేసుకోండి. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) ఇంటర్నెట్ లైన్ పూర్తిగా మీ చేతిలో ఉన్నా 1 టీబీ ఎక్కడానికి 22 గంటలు పైనే. పది టీబీలైతే తొమ్మిది రోజులు దాటుతుంది.

క్లౌడ్‌లో ఉంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదనుకోవడం మాత్రం ప్రమాదం. డిస్క్ పాడైతే డేటా పోకుండా కాపీలు వాళ్లు ఉంచుతారు, కానీ మీ మనిషి పొరపాటున డిలీట్ కొడితే కాపీలన్నీ డిలీట్ అవుతాయి. ఫోన్‌లో ఫోటోలకూ ఇదే సూత్రం: సింక్ అయిన ఫోటోను గూగుల్ ఫోటోస్‌లో తీసేస్తే అన్ని పరికరాల్లోనూ పోతుంది, ట్రాష్‌లో 60 రోజులే ఉంటుంది. బకెట్‌కి వర్షనింగ్ (పాత రూపాలనూ దాచి ఉంచే సెట్టింగ్) పెట్టండి, ఇంకో కాపీ వేరే అకౌంట్‌లో ఉంచండి, దాన్ని అప్పుడప్పుడూ రీస్టోర్ చేసి చూడండి. యాక్సెస్ కీలను (మీ క్లౌడ్ అకౌంట్‌కి పాస్‌వర్డ్ లాంటివి) కోడ్‌లో రాయకండి. అందరికీ కనిపించే కోడ్ రిపాజిటరీలోకి వెళ్లిన కీని వెతికి పట్టుకోవడానికి బాట్‌లు (వాటంతటవే పనిచేసే ప్రోగ్రాములు) ఎప్పుడూ తిరుగుతుంటాయి.

చివరిగా, ఈ డేటాతో రేపటి గిరాకీ అంచనా వేయాలనుకుంటే ఒక్క విషయం. సరుకు అయిపోయిన రోజున అమ్మకం సున్నా అని పడుతుంది. దాన్ని మోడల్ 'ఎవరూ అడగలేదు' అని అర్థం చేసుకుంటుంది, ఆర్డర్ తగ్గించమంటుంది, సరుకు ఇంకా త్వరగా అయిపోతుంది. ఎన్ని టెరాబైట్లు పోసినా ఈ లోపం తీరదు. అమ్మకం పక్కన ఆ రోజు సరుకు ఉందో లేదో చెప్పే కాలమ్ ఒకటి ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి. గడిచిపోయిన రోజులకు ఆ సమాచారం తర్వాత రాబట్టడం చాలా కష్టం.