గాజును తినేసే ఆమ్లం బలహీనమా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజును కూడా తినేస్తుందని ఒకచోట, అది బలహీన ఆమ్లమని ఇంకోచోట చదివిందట. ఏది నిజమని అడిగితే నాకు నోరు పెగల్లేదు. పైగా క్లోరస్, క్లోరిక్ అంటూ ఆ పేర్లొకటి. కాస్త చెప్పండి.

జవాబు: రెండూ నిజమేనండీ. తిప్పలంతా ‘బలం’ అన్న మాటతోనే. కెమిస్ట్రీలో ఆమ్లం బలమంటే ఎంత కాలుస్తుంది, దేన్ని కరిగిస్తుంది అని కాదు, నీళ్లలో పడ్డాక దాని అణువుల్లో ఎన్ని హైడ్రోజన్ అయాన్‌ను (ధనావేశమున్న హైడ్రోజన్‌ను) వదులుకున్నాయన్న లెక్క, అంతే. లీటరుకు 0.1 మోల్ (మోల్ అంటే అణువుల్ని లెక్కపెట్టే కొలత) చొప్పున కలిపి చూస్తే హైడ్రోక్లోరిక్‌లో దాదాపు అన్నీ వదిలేస్తాయి. హైడ్రోఫ్లోరిక్‌లో వెయ్యికి ఓ 80. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్‌లో అయితే 13.

గాజు సంగతి వేరు. అందులోని సిలికాన్‌తో ఫ్లోరిన్ కట్టే బంధం చాలా గట్టిది, గాజును కరిగించేది అదే. అందుకే ల్యాబ్‌లో ‘బలమైన’ హైడ్రోక్లోరిక్ గాజు సీసాలో హాయిగా ఉంటుంది, ‘బలహీనమైన’ దీన్ని మాత్రం ప్లాస్టిక్ సీసాలో పెట్టాలి. చర్మం మీద పడితే లోపలికి ఇంకి కాల్షియాన్ని పట్టేస్తుంది, ఒక్కోసారి గంటల తర్వాత గానీ నొప్పి తెలీదు. చాలా ప్రమాదం.

ఇంకోటి, బలహీనం వేరు, పలచన వేరు. చెంచాడు హైడ్రోక్లోరిక్‌ను బిందెడు నీళ్లలో కలిపినా అది బలమైన ఆమ్లమే.

ఇక పేర్లు. ఆక్సిజన్ లేకపోతే ముందు ‘హైడ్రో’ వస్తుంది. ఉంటే, క్లోరిన్ ఒక్కటి నేర్చుకుంటే చాలు: ఒక ఆక్సిజన్ ఉంటే హైపోక్లోరస్, రెండైతే క్లోరస్, మూడైతే క్లోరిక్, నాలుగైతే పర్‌క్లోరిక్. ఆక్సిజన్ పెరిగేకొద్దీ బలమూ పెరుగుతుంది, మొదటిది వెనిగర్ ఆమ్లం కన్నా నీరసం, చివరిది సల్ఫ్యూరిక్‌నే మించుతుంది. లవణాల్లో ‘అస్’ కాస్తా ‘ఐట్’, ‘ఇక్’ కాస్తా ‘ఏట్’ అవుతాయి. బట్టలకు వాడే బ్లీచ్‌లోని సోడియం హైపోక్లోరైట్ అలా వచ్చిందే. అలాగని పేరు చివర ‘ఇక్’ చూసి బలమైనదని రాసెయ్యొద్దనండి. ఎసిటిక్, కార్బోనిక్, ఫాస్ఫారిక్ అన్నీ బలహీనమే.

మన పాత పుస్తకాల్లో ఆక్సిజన్‌ను ఆమ్లజని అనేవారు, గుర్తుందా? ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉండి తీరాలనుకుని ఫ్రెంచ్ శాస్త్రవేత్త లెవోయిజర్ పెట్టిన పేరుకు అది మక్కీకి మక్కీ తెలుగు. క్లోరిన్ మూలకమేనని, దాని ‘హైడ్రో’ ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదని 1810లో ఇంగ్లిష్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ తేల్చాడు. న్యాయంగా ఆ పేరు హైడ్రోజన్‌కు దక్కాల్సింది!