వేరుశనగ పొట్టు చాలదా?

ప్రశ్న: తాడిపత్రిలో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాను. మా అల్లుడు కోనసీమలో గ్యాసు బావుల సిమెంటింగ్ పనిలో ఉన్నాడు. సిమెంటులోని నీరు రాతిలోకి పోకుండా ఖరీదైన పొడి కలుపుతారట. సిమెంటు కారిపోయే చోట వేరుశనగ పొట్టు వేసినా పనవుతుందని అతనే చెప్పాడు. మరి అన్నిటికీ ఆ పొట్టే చాలదా?

జవాబు: చాలదండీ. ఆ రెండూ వేర్వేరు సమస్యలు. ఇంజినీర్లు కూడా కొందరు వాటిని ఒకే గాటన కట్టేస్తారు. రాతిలో పగులుంటే సిమెంటు ముద్ద మొత్తంగా అందులోకి పోతుంది. అక్కడ పొట్టు, మైకా రేకులు, సెల్లోఫేన్ ముక్కలు అడ్డుపడతాయి. రెండోదానిలో పగులే ఉండదు. ఇసుకరాయి సన్నని రంధ్రాల్లోకి నీరు మాత్రం జారుకుంటుంది, సిమెంటు రేణువులు బయటే ఆగిపోతాయి. మన మంగంపేట ముగ్గురాయి పొడీ ఇక్కడ ఆదుకోదు. అది బరువు పెంచడానికే, పైగా తనకే అదనంగా నీరు కావాలి.

పూతకు ముందు మేస్త్రి ఇటుకను తడుపుతాడు చూడండి, ఆ ఉపాయం బావిలో పారదు. రాయి ముందే తడిగా ఉంటుంది. నీటిని తోసేది పైనున్న ద్రవాల ఒత్తిడి. నీరు పోయిన ముద్ద చిక్కబడి, కేసింగ్ పైపుకూ (బావిలో దించే ఉక్కు గొట్టం) రాతికీ మధ్య ఇరుకు సందులో గడ్డకట్టి దారి మూస్తుంది. అప్పుడు పైబరువు కిందికి అందక, గట్టిపడని సిమెంటులోకి గ్యాసు చొరబడుతుంది. నేను భయపడేది దీనికే.

ల్యాబులో 325 మెష్ అనే చాలా సన్నని జల్లెడ మీద ముద్ద పోసి, చదరపు అంగుళానికి 1000 పౌండ్ల ఒత్తిడి పెట్టి, 30 నిమిషాల్లో ఎంత నీరు దిగిందో కొలుస్తాం. ఏమీ కలపని సిమెంటు అరగంట నిలవదు, నీరంతా ముందే దిగిపోతుంది. అరగంటకు లెక్కగడితే 1000 మిల్లీలీటర్లు దాటుతుంది. గ్యాసు బావికైతే 50 లోపు ఉండాలంటాం.

ఇక పొడి సంగతి. చల్లని, లోతు తక్కువ బావులకు పాలివినైల్ ఆల్కహాల్ చాలు. హైడ్రాక్సీఇథైల్ సెల్యులోజ్ పాతకాలపు నమ్మకస్తురాలే కానీ ముద్దను చిక్కన చేస్తుంది, గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తుంది, వేడి పెరిగితే చేతులెత్తేస్తుంది. బాగా వేడెక్కే లోతు బావులకు ఏఎంపీఎస్ అనే సల్ఫోనేట్ రసాయనంతో చేసిన పాలిమర్లే మేలు. ఉప్పునీటికీ అవి తట్టుకుంటాయి. మోతాదు సిమెంటు బరువులో సాధారణంగా ఒక శాతానికి అటూఇటుగా ఉంటుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలని బస్తాలు గుమ్మరించేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. చిక్కబడిన ముద్దను తోయడానికి పంపు ఒత్తిడి పెంచితే రాయే పగులుతుంది, అప్పుడు మీ వేరుశనగ పొట్టు నిజంగానే కావాలి!

ఫ్యాక్టరీ మనిషి కాబట్టి మీకు తెలుసు, సిమెంటు లాటు లాటుకూ మారుతుంది. అదే పొడి, అదే మోతాదు ఒక లాటులో 50 చూపించి, మరోదానిలో 150 చూపించవచ్చు. అల్లుడుగారు ఈసారి ఇంటికొచ్చినప్పుడు అడగండి: పరీక్ష ఆ లాటు సిమెంటుతో, ఆ బావి దగ్గరి నీటితోనే చేశారా అని.